ఎండ పంట

నీరు పల్లమెరుగునని సామెత. పల్లమునకు పోవుట నీటికి స్వభావము; దానిని మిట్టకెక్కించుట మానవునకు వచ్చిన పని. కాలువ క్రింద పొలమున్నవాడు ఈ పనినుండి తప్పించుకొనిన అదృష్టవంతుడు. బావి క్రింది రైతునకు అట్టి భాగ్యము లేదు. నీరు అతని కాళ్ళ క్రిందనే యున్నది. కాని ఆ నీటికిని అతని పైరునకును నడుమ పది గజములో, నూరు గజములో నేల అడ్డముగా నిలిచియున్నది. ఆ ఎత్తునకు నీటిని తెచ్చుటకే రైతు తరతరములుగా తన కండబలమును, పశువుల బలమును, తుదకు తన ధనమును ధారవోయుచు వచ్చినాడు.

తెలుగునాట వృద్ధులు కపిలను ఎరుగుదురు. బావి గట్టున రెండు కంబములు, వాని నడుమ గిలక, గిలక మీదుగా మోకు, మోకు చివర తోలుతిత్తి. తెల్లవారుజామున కాడి కట్టిన ఎడ్లు వాలుదారిని దిగుచుండగా తిత్తి నిండి పైకి వచ్చును. అవి వెనుకకు నడచినప్పుడు తిత్తి మరల బావిలోనికి దిగును. ప్రొద్దెక్కువరకు ఇదే పని. విసుగు తెలియకుండుటకు కపిల తోలువాడు పాట పాడుకొనును. ఎన్ని తిత్తులకు ఒక మడి తడియునో అతనికి కంఠస్థము. అన్ని తిత్తులు తోడునప్పటికి ఎడ్లు ఎంత అలసినవో అదియు అతనికి తెలియును. అందుచేత గట్టు తెగి నీరు దారిపాలగుచున్నచో అతడు చూచి సహింపలేడు. పలుగుపార పట్టుకొని పరుగెత్తును. అతడు నీటికి ఎవరికిని పైకము చెల్లింపలేదు. ఐనను ప్రతి తిత్తి నీటికిని వెల కలదని అతని చేతులు ఎరుగును.

తరువాత ఆయిలింజను వచ్చినది. దానికి అలసట లేదు. కాని దాహము కలదు. ఐదు అశ్వశక్తుల ఇంజను గంటసేపు నడచినయెడల సుమారు ఒక లీటరు డీజిలును త్రాగివేయును. పూర్వము ఎడ్ల వగర్పును చూచి కపిల ఆపినవాడు ఇప్పుడు డబ్బా అడుగును చూచి ఇంజను ఆపవలసివచ్చెను. నీటి వెల చేతులనుండి మొలలోని సంచిలోనికి మారినది. చమురు ధర పెరిగినప్పుడెల్ల రైతు ఒక తడి తగ్గించెను. తడి తగ్గినప్పుడు పంట తగ్గెను. నీరున్నను తోడుకొనలేని దుఃఖము నీరు లేని దుఃఖముకంటె చిన్నది కాదు.

అటుపిమ్మట పల్లెలకు విద్యుత్తు వచ్చినది. మీటలు నొక్కిన నీరు పొంగు ఆ రోజులలో రైతు ఆనందమునకు మేర లేకపోయెను. క్రమముగా పెక్కు రాష్ట్రములు సేద్యపు పంపులకు మీటరులు తీసివేసి, పంపు అశ్వశక్తిని బట్టి ఏడాదికి ఇంతయని రుసుము నిర్ణయించినవి. కొన్ని రాష్ట్రములు ఆ రుసుమును గూడ తొలగించినవి. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2004వ సంవత్సరమునుండి సేద్యమునకు విద్యుత్తు ఉచితమైనది. అప్పులలో మునిగి, కరవులతో క్రుంగిన రైతునకు అది ఊరట యనుటలో సందేహము లేదు. కాని ఉచితమైన విద్యుత్తు కోరినప్పుడెల్ల రాదు. పట్టణములకు, కర్మాగారములకు పోగా మిగిలినది చేలకు వచ్చెను. తరచుగా అది అర్ధరాత్రమున వచ్చెను. రైతు నిద్రమానుకొని చీకటిలో చేనికి పోవుట, తేలుకాటునకో పాముకాటునకో లోనగుట, తడిచేతులతో తీగ తాకి ప్రాణము పోగొట్టుకొనుట పల్లెలలో వినరాని కథలు కావు. ఇక మీటయే ఎత్తి ఉంచి ఇంటికడ పరుండువాడు కొందరు. రాత్రి ఎప్పుడు విద్యుత్తు వచ్చిన అప్పుడు పంపు తనంత తాను నడచును. మడి నిండి, గట్టు పొర్లి, నీరు పారుచునేయుండును. ఒకనాడు పలుగుపార పట్టుకొని పరుగెత్తిన వాని మనుమడే ఇతడు. ఇతడు సోమరి కాడు. నీటికి వెల ఉన్నదని అతనికి తెలియజెప్పు గుర్తు ఒక్కటియు మిగులలేదు, అంతే.

ఈ స్థితిలో సూర్యుడు సేద్యగాడై పొలములో కాలు పెట్టినాడు.

ఎండతో నీరు తోడవలెనను ఆలోచన నేటిది కాదు. 1913వ సంవత్సరమున ఫ్రాంక్ షుమన్ అను అమెరికా దేశీయుడు ఈజిప్టులో, కైరో నగరమునకు సమీపమున మాదీ అను చోట వంపు తిరిగిన పెద్ద అద్దములు నిలిపి, ఎండవేడిమితో ఆవిరి పుట్టించి, నైలునది నీటిని చేలకు తోడించెను. మరుసటి యేడు మొదటి ప్రపంచయుద్ధము వచ్చుటచే ఆ ప్రయత్నము ఆగిపోయెను. చౌకగా దొరకిన నూనె దానిని మరపించెను. ఎండను వేడిమితో పనిలేకుండ నేరుగ విద్యుత్తుగ మార్చు సిలికాను ఘటమును 1954వ సంవత్సరమున అమెరికాలో బెల్ ప్రయోగశాలలవారు నిర్మించిరి. తనపై పడిన ఎండలో నూటికి ఆరు వంతులను మాత్రమే అది విద్యుత్తుగ మార్చెను. దాని ఖరీదు సామాన్యునకు అందనిది కావున చాలకాలము అంతరిక్షమున తిరుగు ఉపగ్రహములకే అది పరిమితమై యుండెను. 2010వ సంవత్సరము తరువాత పదియేండ్లలో సౌర ఫలకముల ధర సుమారు పదవవంతునకు పడిపోయినది. అప్పుడు గాని ఎండ రైతు వాకిటికి రాలేదు.

సౌరపంపు పనిచేయు విధానము సులభము. పొలమున ఎత్తుగ నిలిపిన ఫలకములపై ఎండ పడిన విద్యుత్తు పుట్టును. ఒక నియంత్రణపెట్టె ద్వారా అది మోటారునకు చేరును. మోటారు నీటిని పైకి తెచ్చును. ప్రొద్దు ఎక్కినకొలది నీటిధార లావగును, మధ్యాహ్నమున ఉరకలు వేయును, సాయంకాలమున సన్నగిల్లును. వేసవిలో పైరు దాహము ఎక్కువగునప్పుడే పంపు బలము గూడ హెచ్చుట ఇందలి గొప్ప సౌలభ్యము. రాత్రి జాగరణ లేదు; డీజిలు కొఱకు డబ్బా పట్టుకొని పట్టణమునకు పోవుట లేదు; చెవులు చిల్లులుపడు చప్పుడు లేదు, పొగ లేదు.

మరి ఖర్చు సంగతి ఏమి? రైతు ఎంత సంతసించినను తుదకు వ్రేళ్ళు మడిచి లెక్క చూచుకొనక తప్పదు. ఆ లెక్కను ఎనిమిదవ తరగతి విద్యార్థి సయితము చేయవచ్చును. ఐదు అశ్వశక్తుల సౌరపంపు మొత్తము మూడు లక్షల రూపాయలని అనుకొనవలెను. ఒక రైతు ఏడాదికి 500 గంటలు ఆయిలింజను నడపుచున్నాడు. లీటరు డీజిలు 90 రూపాయలు. అతనికి ఏటేట చమురునకు 45,000 రూపాయలు అగుచున్నది. సౌరపంపు పెట్టినయెడల ఆ సొమ్ము మిగులును. తన మూడు లక్షలు తనకు తిరిగి వచ్చుటకు ఇంచుమించు ఏడేండ్లు పట్టును. ఫలకములు పాతికేండ్లు పనిచేయును గనుక ఇది నష్టపు బేరము కాదు. కాని మూడు లక్షలను ఒక్కసారిగా ముందు పెట్టగల రైతులెందరు? డీజిలునకు కొద్దికొద్దిగ చెల్లించువాడు ఎండకు పాతికేండ్ల సొమ్మును ఒకేనాడు చెల్లింపవలెను. ఎండ ఉచితమే, ఎండను పట్టు వల మాత్రము ఉచితము కాదు.

ఈ చిక్కును తీర్చుటకు భారతప్రభుత్వము 2019వ సంవత్సరమున 'పీఎం-కుసుమ్' అను పథకమును ప్రవేశపెట్టినది. దాని ప్రకారము సాధారణముగ పంపు ఖరీదులో నూటికి 30 వంతులు కేంద్రము, 30 వంతులు రాష్ట్రము భరించును. మిగిలిన 40 వంతులు రైతువి. అందులో 30 వంతులవరకు బ్యాంకు అప్పుగ ఇయ్యవచ్చును. పైలెక్కలో రైతు వాటా 1,20,000 రూపాయలు. చేతినుండి మొదట పెట్టవలసినది 30,000 రూపాయలు మాత్రమే. ఏటా మిగులు 45,000 రూపాయలతో అతని పెట్టుబడి మూడేండ్లలోపుననే తీరిపోవును.

ఐనను ఇదే లెక్క మరియొక రైతు ముంగిట వేరొక విధముగ పలుకును. ఎకరము పొలముగల చిన్నరైతు ఏడాదికి నూరు గంటలే ఇంజను నడపును. అతని చమురు ఖర్చు 9,000 రూపాయలు. అతడు తన 1,20,000 రూపాయలను రాబట్టుకొనుటకు పదమూడేండ్లు దాటును. తక్కిన దినములలో అతని ఫలకములపై ఎండ ఊరక కాసి పోవును. కావున ఒంటరి చిన్నరైతునకు సౌరపంపు లాభసాటి కాదు. నలుగురు కలిసి ఒక పంపును పెట్టుకొనవలెను, లేదా అతడు మిగిలిన నీటిని ఇరుగుపొరుగునకు అమ్మవలెను. బంగ్లాదేశమున పెక్కుచోట్ల ఒక సంస్థ పెద్ద సౌరపంపును నెలకొల్పి చుట్టుపట్ల రైతులకు నీటిని వెలకు పోయుచుండును. రైతు పంపును కొనడు, నీటిని కొనును. ఇక విద్యుత్తు ఉచితముగ పొందుచున్న రైతు మాట వేరు. అతనికి మిగులునది ఏమియు లేదు గనుక సౌరపంపుపై పెట్టుబడి పెట్టుమనిన అతడు నవ్వి ఊరకుండును. అచ్చట లాభపడునది ఆ విద్యుత్తు వ్యయమును భరించుచున్న ప్రభుత్వమే. కనుక పెట్టుబడి ఎవరు పెట్టవలెననునది, మిగులు ఎవరికి చేరుననుదానిని బట్టి నిర్ణయింపవలసిన విషయము.

ఇంతవరకు చెప్పినది రూపాయల లెక్క. నీటి లెక్క ఇంకను మిగిలియున్నది. అది ఇంతకంటె కఠినమైనది. భూగర్భజలమును భారతదేశమంతగా తోడుకొను దేశము ప్రపంచమున మరియొకటి లేదు. 2022వ సంవత్సరపు అంచనా ననుసరించి ఈ దేశము ఒక ఏడాదిలో తోడిన నీరు సుమారు 239 ఘన కిలోమీటర్లు. అందు నూటికి 87 వంతులు సేద్యమునకే పోయినది. గంగామైదానపు తూర్పుభాగమున నీరు నేలకు సమీపముననే యుండి, ఏటేట వానలకు మరల నిండుచుండును. అచ్చట సౌరపంపు పేదరైతునకు వరమే. కాని పంజాబు, రాజస్థానము, రాయలసీమవంటి చోట్ల నీటిమట్టము ఏటికేడు క్రుంగుచు వచ్చినది. పది మీటర్ల లోతునుండి నీరు తోడు శక్తి నూరు మీటర్ల లోతునుండి అందులో పదవవంతే తోడగలదు. లోతు పెరిగినకొలది పెద్ద పంపు, పెద్ద అప్పు. తుదకు ఎండిన బోరు. బోరు వెంట బోరు వేసి, నీటిచుక్క కానరాక, అప్పులే మిగిలిన కుటుంబములు అనంతపురము ప్రాంతమున ప్రతి పల్లెయందును కలవు.

ఇట్టిచోట సౌరపంపు వచ్చిన ఏమగును? ఒకసారి ఫలకములు నిలిపిన పిమ్మట ఇంకొక గంట నీరు తోడుటకు రైతునకు దమ్మిడీ ఖర్చు లేదు. ఎడ్ల అలసట లేదు, డబ్బా అడుగంటుట లేదు, విద్యుత్తు ఆగిపోవుట లేదు. సూర్యుడున్నంతసేపు పంపు నడచుచునే యుండును. కపిలనాడు చేతులలోను, ఇంజనునాడు సంచిలోను ఉండిన నీటి వెల ఇప్పుడు ఎచ్చటను లేదు. ఏ పరికరము రైతును చమురు బాధనుండి విడిపించినదో అదే అతని బావిని ఎండగట్టవచ్చును. రాజస్థాన ప్రభుత్వము ఈ ప్రమాదమును గుర్తించియే సౌరపంపులకు రాయితీ ఇచ్చునపుడు పొలములో నీటికుంట ఉండవలెననియు, బిందుసేద్యము చేయవలెననియు నియమములు పెట్టినది. కాని నియమము కాగితముపై నుండును. పంపు పొలములో నుండును. ప్రతి పొలమునకును ఒక కాపలావానిని పెట్టుట ఎవరితరము?

దీనికి ఒక చక్కని ఉపాయమును గుజరాతు రాష్ట్రమున ఒక చిన్న గ్రామము చేసి చూపినది. దాని పేరు ధుండి. అది ఖేడా జిల్లాలోనిది. ఈ జిల్లా రైతులు చరిత్రకు క్రొత్తవారు కారు. 1918వ సంవత్సరమున పంటలు పోయినను పన్ను కట్టుమనిన ప్రభుత్వమును గాంధీమహాత్ముని, వల్లభభాయి పటేలు నాయకత్వమున ఎదిరించినవారు వీరే. 1946వ సంవత్సరమున పాల సహకార సంఘమును స్థాపించి, తరువాత దేశమునకంతకు మార్గము చూపినవారును ఈ ప్రాంతమువారే. ఇంటిలోని ఒకటి రెండు గేదెల పాలను ప్రొద్దున సాయంత్రము సంఘమునకు కొలిచిపోసి, వెల తీసికొనుట వారికి అలవాటు. ఆ అలవాటే ఇప్పుడు వేరొక రూపమున ఉపకరించినది.

ధుండిలో కొందరు రైతులు డీజిలు పంపులతో సేద్యము చేయుచుండిరి. సమీపముననున్న ఆనందు పట్టణములో అంతర్జాతీయ జల నిర్వహణ సంస్థకు చెందిన పరిశోధకులు కలరు. వారిలో ముఖ్యుడు తుషార్ షా అను ఆర్థికశాస్త్రవేత్త. రైతు ఎండను నీరు తోడుటకు మాత్రమే వాడుకొననేల? మిగిలిన విద్యుత్తును పత్తివలె, పొగాకువలె, పాలవలె ఒక పంటగ అమ్ముకొనరాదా? ఇది వారి ప్రశ్న. ఈ పంటకు విత్తనము లేదు, ఎరువు లేదు, తెగులు లేదు. వాన రాకున్నను ఇది పండును. పరిశోధకుల ప్రోత్సాహముతో ఆరుగురు రైతులు ముందుకు వచ్చి సౌరవిద్యుత్ ఉత్పాదక సహకార సంఘముగ ఏర్పడిరి. ప్రపంచమున ఇట్టి సంఘములలో ఇదియే మొదటిదని ప్రసిద్ధి. ఆరుగురి ఫలకముల శక్తి మొత్తము 56.4 కిలోవాట్లు. ఖర్చులో అధికభాగమును సంస్థ భరించెను. రైతులు కిలోవాటునకు 5,000 రూపాయల చొప్పున తమ వాటా పెట్టిరి. తరువాత మరి ముగ్గురు చేరుటచే సభ్యులు తొమ్మిదిమంది యైరి.

సంఘము ఆ ప్రాంతపు విద్యుత్తు పంపిణీ కంపెనీతో పాతికేండ్లకు ఒప్పందము చేసికొనినది. యూనిట్ ఒక్కింటికి 4 రూపాయల 63 పైసలు కంపెనీ ఇయ్యవలెను. 2016వ సంవత్సరమున అమ్మకము ఆరంభమైనది. కంపెనీ ఒక్కొక్క రైతు వాకిటికి పోయి విద్యుత్తును కొలుచుకొనదు. సభ్యుల విద్యుత్తంతయు ఒకచోట చేరును. అచ్చట ఒకే మీటరు. ఎవరెంత పోసిరో లెక్క వ్రాసికొని పైకము పంచుకొనుట సంఘము పని. పాల సంఘమున క్యాను నింపి పంపినట్లే ఇదియు. అందుకు బదులుగ రైతులు పాతికేండ్లవరకు చౌక విద్యుత్తు కనెక్షను అడుగుటకు తమకుగల హక్కును వదలుకొనిరి. కంపెనీకి క్రొత్త తీగలు, క్రొత్త రాయితీలు తప్పినవి. రైతునకు క్రొత్త ఆదాయము వచ్చినది. హరిత విద్యుత్తు పుట్టించినందులకు యూనిట్ కు 1 రూపాయి 25 పైసలు, నీటిని ఆదా చేసినందులకు మరి 1 రూపాయి 25 పైసలు పరిశోధక సంస్థ తనవంతుగా చేర్చి ఇచ్చెను. మొత్తము 7 రూపాయల 13 పైసలు.

ఈ ఏర్పాటులోని కీలకము ఎచ్చట నున్నదో ఆలోచింపవలెను. ఐదు అశ్వశక్తుల పంపు గంట నడచిన సుమారు 4 యూనిట్లు ఖర్చగును. పూర్వమైనచో ఆ గంటకు వెల లేదు. ఇప్పుడు ఆ నాలుగు యూనిట్లను కంపెనీకి ఇచ్చినచో 18 రూపాయల 50 పైసలు వచ్చును. అదనపు బహుమానముతో కలిపిన 28 రూపాయలు దాటును. మడి నిండిన తరువాతను పంపు నడపుచున్నచో ఆ సొమ్ము రైతు కన్నుల యెదుటనే కాలువలో పారిపోవును. ఇక అతనికి కాపలావాడు అక్కరలేదు. పరుగెత్తి పోయి తానే మీట మార్చును. అతనిని ఎవరును శిక్షింపలేదు, నీటిపై పన్ను వేయలేదు, విద్యుత్తు కోత పెట్టలేదు. తోడిన నీటికి వెల కట్టుటకు మారుగ తోడని నీటికి వెల కట్టిరి. పోయినదనుకొనిన నీటి విలువ మరల రైతు చేతికి వచ్చినది. కపిలనాడు అది చెమటగా ఉండెను, నేడు ఆదాయముగ ఉన్నది.

ఈ ఆరుగురి ఫలకములు రోజుకు కిలోవాటునకు సుమారు నాలుగు యూనిట్లు పుట్టించునని లెక్క వేసిన ఏడాదికి 80,000 యూనిట్లు దాటును. అందు సేద్యమునకు కొంత పోగా మిగిలినది అమ్మకమునకు వచ్చును. పైరు లేని నెలలలోను, వానలు కురిసి నీరు అక్కరలేని దినములలోను ఎండ ఊరక పోదు. కొందరు ఫలకములను ఎత్తుగ నిలిపి, వాని నీడలో కూరగాయలు పండించిరి. ఒకే నేల పైన ఒక పంట, క్రింద ఒక పంట.

ఇచ్చట ఒక న్యాయమైన సందేహము కలుగును. పంపులేని పేదరైతు పొరుగువాని నీటిపై ఆధారపడి బ్రతుకుచుండును. విద్యుత్తునకు మంచి వెల వచ్చుచున్నప్పుడు ఆ పొరుగువాడు నీరిచ్చుట మానుకొనడా? ఇది తేలికగ త్రోసిపుచ్చదగిన మాట కాదు. ధుండిలో సంఘసభ్యులు ఇరుగుపొరుగునకు నీరు అమ్ముచునే వచ్చిరి. డీజిలు ఖర్చు లేకపోవుటచే ఆ నీరు మునుపటికంటె చౌకగ దొరకినది. కాని విద్యుత్తు వెల హెచ్చినకొలది నీటి వెలయు హెచ్చవచ్చును. వెల మరీ తక్కువైన నీరు వృథా. మరీ ఎక్కువైన పేదవానికి నీరు కరవు. త్రాసును ఎచ్చట నిలుపవలెననునది ఒక్క శాస్త్రజ్ఞుడు తేల్చునది కాదు. గ్రామము కూర్చుండి తేల్చుకొనవలసినది.

ఇంకొకటి. ధుండి రైతులకు ఫలకములు చాలవరకు దానముగ వచ్చినవి. అదనపు బహుమానము గూడ వచ్చినది. ప్రతి గ్రామమునకును అట్టి దాత దొరకడు. ఈ ప్రశ్నకు జవాబుగ గుజరాతు ప్రభుత్వము 2018వ సంవత్సరమున 'సూర్యశక్తి కిసాన్ యోజన'ను ప్రకటించినది. అందు రైతు మొదట పెట్టవలసినది నూటికి 5 వంతులు. 60 వంతులు రాయితీ. తక్కిన 35 వంతులు అప్పు. మొదటి ఏడేండ్లు యూనిట్ కు 7 రూపాయలు వచ్చునట్లును, అందులో సగము రాష్ట్రము భరించునట్లును, ఆ పిమ్మట పదునెనిమిదేండ్లు 3 రూపాయల 50 పైసలు వచ్చునట్లును ఏర్పాటు చేసిరి. మొదటి ఏడేండ్ల ఆదాయముతో అప్పు తీరిపోవలెననునది అందలి ఆలోచన. కుసుమ్ పథకములోని ఒక భాగము గూడ తీగకు కలిసియున్న పంపులను సౌరశక్తికి మార్చి, మిగులు విద్యుత్తును రైతు అమ్ముకొనుటకు వీలు కల్పించుచున్నది. ఐతే యూనిట్ కు వచ్చు వెల తక్కువైనచోటను, పైకము సకాలమున చేతికి అందనిచోటను రైతునకు ఈ పంటపై నమ్మిక కుదురదు. పాల సంఘము పాలకు వెలను నెలల తరబడి నిలిపివేసిన మరునాడు పాలు పోయువారెవరు? ఫలకములపై దుమ్ము తుడుచుటకు, చెడిన పెట్టెను బాగుచేయుటకు సమీపముననే మనిషి దొరకవలెను. పంట వేసిన వారమునకు పంపు చెడి, బాగుచేయువాడు నెలకు వచ్చినయెడల పాతికేండ్ల లాభపు లెక్క ఆ ఒక్క నెలలోనే ఎండిపోవును.

తెలుగునాట ఈ మార్గము సుగమము కాదు. 2014వ సంవత్సరమున రాష్ట్రము రెండైన తరువాతను ఉభయ ప్రభుత్వములును సేద్యపు విద్యుత్తును ఉచితముగనే ఇచ్చుచు వచ్చినవి. తెలంగాణమున 2018వ సంవత్సరము జనవరి 1వ తేదీనుండి ఇరువదినాలుగు గంటలును ఇయ్యసాగిరి. ఉచితమును చూచినవానికి ఎండపై పెట్టుబడి పెట్టుమని చెప్పుట కష్టము. కాని ఇచ్చటి రైతునకు నీటి లెక్క తెలియదనుట పొరపాటు. 2000 దశకమున ఆంధ్రప్రదేశ్ కరవు జిల్లాలలో వందలాది గ్రామముల రైతులు తమ బావుల మట్టమును, తమ ఊరి వానను తామే కొలిచి, ఉన్న నీటికి తగిన పంటలు ఏవో సభ చేసి లెక్క వేసికొనిరి. స్త్రీపురుషులు కలిసి గోడలపై ఆ అంకెలను వ్రాసిరి. అనంతపురము ప్రాంతమున కొన్ని పల్లెలలో బోరున్నవారును లేనివారును ఒప్పందపడి, బోరులను గొట్టములతో కలిపి, అందరి మెట్టపైరులకు ఆపత్కాలమున ఒక తడి అందునట్లు చేసికొనిరి. ఆ హద్దులో క్రొత్త బోరు వేయరాదని కట్టుబాటు గూడ చేసికొనిరి. అట్టి కట్టుబాటున్న ఊరికి సూర్యుడు వచ్చిన మిత్రుడగును. కట్టుబాటు లేని ఊరికి వచ్చిన, తుది నీటిబొట్టువరకు తోడిపెట్టు కూలివాడగును.

ఒకనాటి కపిల తోలినవాడు నేడు మనుమని సౌరపంపు ప్రక్క నిలిచియున్నాడని అనుకొనవలెను. చప్పుడు లేక, ఎడ్లు లేక, నడిప్రొద్దున నీరు ధారగ పడుచున్నది. అతనికి ఆశ్చర్యము కలుగును, ఆనందమును కలుగును. అంతలో మడి నిండి నీరు గట్టు మీదికి వచ్చుచుండును. అతని చేయి తనంత తానుగ పలుగుపారకై వెదకును. ఆ చేతికి తెలిసినది మనుమనికిని తెలిసిన నాడు ఎండ పంట నిజముగ ఇంటికి చేరినట్లు.